రక్షణను విభక్తుల్లో చదవడం – 3వ పాఠం: చేత, ద్వారా, వలన, కై

గత పాఠంలో కీడు దగ్గర ఆగాం. కీడు విడిగా ఒక పదార్థం కాదు, ఉండాల్సిన మేలు లోపించడమే అన్న తొలినాటి క్రైస్తవ ఆలోచనాపరుడు అగస్టీన్ (354–430) ఆలోచన గుర్తుందిగా? తుప్పు పట్టాలంటే ఇనుము ఉండాలి. ఇనుము ఉండటానికి తుప్పు అక్కర్లేదు. మరి పోయిన మేలు తిరిగి ఎలా వస్తుంది? అలా తిరిగి రావడాన్నే ఇక్కడ రక్షణ అంటున్నాం. ఈసారి మూడే వచనాలు: బైబిలులో పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక (ఉత్తరం) 2వ అధ్యాయం, 8 నుంచి 10. పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. "డు, ము, వు, లు ప్రథమా విభక్తి" అని వల్లె వేసినవాళ్లు తక్కువ. నేను తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నదే బైబిలు మీద. కాబట్టి విభక్తులంటే టెన్షన్ వద్దు, రోజూ నోట్లో నలిగేవే.

8వ వచనం: "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." ద్వారా, చేత, వలన – ఈ మూడింటి కింద గీత గీయండి.

విశాఖలో పనిచేసే మావయ్య డబ్బు పంపాడు, ఫోన్‌పే ద్వారా వచ్చింది. అత్త ఫోన్‌కి దణ్ణం పెట్టదు కదా! ఫోన్ లేకపోతే అందేది కాదు, నిజమే. అయినా డబ్బు మావయ్యది. ఈ వాక్యంలో మావయ్య చోట కృప ఉంది, ఫోన్ చోట విశ్వాసం ఉంది. మన ప్రసంగాల్లో ఇది తరచూ తలకిందులవుతుంది. "నీ విశ్వాసం గట్టిదైతే" అని మొదలుపెట్టి, 'చేత' చేయాల్సిన పని 'ద్వారా' నెత్తిన పెడతారు. అమ్మ మంచాన పడ్డ రోజుల్లో పరామర్శకు వచ్చిన ఒకాయన, ఆమెకు విశ్వాసం చాల్లేదని గుమ్మంలోనే తేల్చేశాడు. లోపల మంచం మీదున్న అమ్మకి అది వినబడింది. ఆయన ఈ వచనాన్ని కంఠతా చెప్పగలడు.

"రక్షింపబడి"లో 'బడు' ఉంది, అంటే పని చేసింది వేరొకరు. "యున్నారు" అంటే అది జరిగి, ఇప్పటికీ నిలిచి ఉంది. గ్రీకు మూలంలోనూ క్రియ ఇలాంటిదే.

"ఇది మీవలన కలిగినది కాదు" అన్నచోట 'ఇది' అంటే ఏది? తెలుగులో పట్టుకోలేం. గ్రీకులో కృప, విశ్వాసం రెండూ స్త్రీలింగ పదాలు, 'ఇది' మాత్రం నపుంసకం. అందుకే అది ఆ రెంటిలో ఒకదానికి కాదు, ముందు చెప్పిన మొత్తానికి వర్తిస్తుందని చాలామంది పండితులు అంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది.

ఇక అసలు తమాషా. 9లో "క్రియలవలన కలిగినది కాదు" అన్న పౌలు, 10కి వచ్చేసరికి "సత్‌క్రియలు చేయుటకై" అంటాడు. క్రియలు రెండుచోట్లా ఉన్నాయి, విభక్తి మారింది. 'వలన' పంచమి, ఎక్కడినుంచి పుట్టిందో చెబుతుంది. 'కై' చతుర్థి, దేనికోసమో చెబుతుంది. వరి పండిందని వంశధార పారదు; వంశధార పారితే వరి పండుతుంది. మంచి పనుల్ని పౌలు కొట్టిపారేయలేదు, వాటిని ఏటికి దిగువన పెట్టాడు.

అభ్యాసం: యాకోబు పత్రిక 2:24 మీ నోటుపుస్తకంలో రాసుకోండి. అక్కడ విశ్వాసానికీ క్రియలకూ ఒకటే మాట తగిలిస్తాడు, 'మూలమున' అని. 1522లో తన జర్మన్ కొత్త నిబంధనకు రాసిన ముందుమాటలో చర్చి సంస్కర్త మార్టిన్ లూథర్ ఈ పత్రికను గడ్డితో పోల్చింది ఇలాంటి మాటలకే. పౌలుకీ యాకోబుకీ తొందరపడి రాజీ కుదర్చకండి. ముందు 2:19 చూడండి, అక్కడ దయ్యాలు కూడా నమ్ముతాయి, నమ్మి వణుకుతాయి. ఆ నమ్మకమూ ఎఫెసీ 2:8లోని విశ్వాసమూ ఒకటేనా? మీ జవాబు రెండు వాక్యాల్లో రాసి ఉంచండి. లూథరన్లూ కథోలికులూ 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఇదే విషయం మీద సంతకాలు చేసిన ఉమ్మడి ప్రకటనను వచ్చే పాఠంలో ఆ జవాబు పక్కన పెట్టి చదువుదాం.