నదిలో వదిలిన పిల్లలు కలిసిపోకుండా

పురాతన నగరాల పుట్టుక కథలు చదివితే ఎవరిని ఏ నదిలో వదిలారో కలిసిపోయి ఒకటే టెన్షన్. ఇప్పుడు కాగితాన్ని నాలుగు గళ్ళుగా మడిచి కథకి నాలుగే ముక్కలు రాస్తున్నా: నది, పెంచినవాళ్ళు, శకునం, ఊరు. రోములస్‌కి టైబర్, ఆడ తోడేలు, 12 రాబందులు (పాపం అతని కవల సోదరుడు రీమస్‌కి ఆరే కనిపించాయి), రోమ్. మెసొపొటేమియా రాజు సర్గోన్‌కి యూఫ్రటీస్, నీళ్ళు తోడే అక్కి, ఇష్టార్ దేవత దయ, అక్కాద్. సర్గోన్‌ని వదిలిన, తారు పూసిన రెల్లు బుట్ట గుర్తుండాలంటే మన కర్ణుడి పెట్టె తలుచుకోండి. తర్వాత నది గడి మాత్రం కనిపించేలా మడిచి మిగతా మూడూ చెప్పుకోవడమే, రెండుసార్లు చాలు.

వలస కథలకి మాత్రం ఇది కుదరదు. మెక్సికోలోని అజ్టెక్‌ల నగరం టెనోచ్‌టిట్లాన్ కథలో బిడ్డే లేడు, నాగజెముడు మీద గద్ద వాలిన చోట ఊరు కట్టారంతే. అలాంటప్పుడు నది గడి కొట్టేసి ‘దారి’ అని రాసుకోండి.