కోరాపుట్ చలిలో కంప్రెసర్ నురగ

కోరాపుట్‌లో మా మావయ్యది మిఠాయి కొట్టు. మిఠాయిలు చల్లగా ఉంచే డిస్‌ప్లే కౌంటర్ లోపల, దాని కంప్రెసర్ యూనిట్ పెరట్లో. కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రిళ్లు మెయిన్ ఆపేసేవాడు. డిసెంబరు చలికి పొద్దున్నే స్టార్ట్ చేస్తే గడగడమని చప్పుడు, కంప్రెసర్ ఆయిల్ కనిపించే గ్లాసు నిండా నురగ.

"గ్యాస్ తక్కువైనట్టుంది, ఎక్కించెయ్‌రా" అన్నాడు. వద్దన్నాను. గ్యాస్ ఎక్కడికీ పోలేదు మావయ్యా, లోపలికన్నా చల్లగా ఉన్న కంప్రెసర్‌లోకి చేరి ఆయిల్లో కలిసిపోతోంది. స్టార్ట్ కాగానే ప్రెషర్ పడిపోయి, అది మరిగి ఆయిల్ని లాక్కుపోతుంది, బేరింగులు ఎండిపోతాయి. ఎన్ని మంచి కంప్రెసర్లు ఇలా అన్యాయంగా పోతున్నాయో!

కంప్రెసర్ ఆగినప్పుడు పనిచేసేలా దాని అడుగున ఆయిల్ ఉండే క్రాంక్‌కేస్‌కి హీటర్ బెల్ట్ చుట్టాను. ద్రవంగా మారిన గ్యాస్ వెళ్లే లిక్విడ్ లైన్లో సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతో పనిచేసేది) వేసి థర్మోస్టాట్ దానికే కలిపాను. కౌంటర్ చల్లబడి వాల్వు మూసుకున్నాక కంప్రెసర్ మిగిలిన గ్యాస్‌ని రిసీవర్ అనే నిల్వ ట్యాంకులోకి తోడేసి, లో ప్రెషర్ స్విచ్‌తో ఆగుతుంది. మెయిన్ ఇక ఆపడం లేదు. పెద్ద కరెంటు కోత తర్వాత మాత్రం హీటర్ కొన్ని గంటలు వేడెక్కాకే స్టార్ట్ చేస్తున్నాం.