బీడ్‌లాక్ వీల్స్ కొనాలా వద్దా? ముందు గాలి మీటరు చూసుకోండి

మా బావ ఈ మధ్యే పికప్ ట్రక్కు కొన్నాడు, ఫోర్ బై ఫోర్. మూడో నెల తిరక్కుండానే ఫోన్‌లో ఒక ఫొటో పంపాడు. బీడ్‌లాక్ చక్రాలు: డిస్కు (టైరు కూర్చునే రిమ్ము) చుట్టూ వరసగా బోల్టులు, మధ్యలో నల్ల రింగు. "ఇవి ఏయించీనా? షాపోడు నాలుగూ కలిపి ధర చెప్తన్నాడు, కొంచెం తగ్గిస్తాడట" అని అడిగాడు. నేను ధర అడగలేదు. "ఇసకలో దిగినప్పుడు టైర్లో ఎన్ని పాయింట్ల గాలి ఉంచుతున్నావు బావా?" అన్నాను. "ఏటో, చూసి కొంచెం తీస్తాను" అన్నాడు. అంటే జవాబు అప్పుడే తేలిపోయింది, కానీ ఎందుకో చెప్పకపోతే ఊరుకోడు కదా, అదే ఇక్కడ రాస్తున్నాను.

టైరు లోపలి అంచులో ఉక్కు తీగల చుట్ట ఉంటుంది, దాన్నే బీడ్ అంటాం. మామూలు ట్యూబ్‌లెస్ చక్రంలో ఆ బీడ్‌ని డిస్కు అంచుకి నొక్కి పట్టుకునేది లోపలి గాలే. డిస్కు మీద చిన్న గట్టు ఒకటి ఉండి బీడ్ లోపలికి జారకుండా ఆపుతుంది గానీ, అసలు బలం గాలిదే. రోడ్డు మీద 32, 35 పాయింట్లు (అంటే పీఎస్ఐ, గాలి ఒత్తిడి కొలత) ఉన్నంతసేపూ గొడవ లేదు. ఇసకలో గాలి తీస్తే టైరు కింద పరుచుకుంటుంది, నేలని తాకే భాగం పొడుగవుతుంది, బండి కూరుకుపోకుండా పైపైన తేలినట్టు నడుస్తుంది. ఆ తీసిన కొద్దీ బీడ్ పట్టు కూడా తగ్గిపోతూ ఉంటుంది, ఒక హద్దు దాటాక పక్క నుంచి గట్టి తోపు వచ్చిందంటే టైరు డిస్కు నుంచి ఊడొస్తుంది. బీడ్‌లాక్ చేసే పనల్లా ఒక్కటే, బయటి వైపు బీడ్‌ని డిస్కుకీ ఇంకో రింగుకీ మధ్య పెట్టి బోల్టులతో బిగించేస్తుంది, ఇక గాలి ఎంత తగ్గినా ఆ అంచు కదలదు.

లారీ డిస్కులకి ఉండే లాక్ రింగు ఇదే కదా అని చాలామంది అడుగుతారు. కాదు. అది టైరు ఎక్కించడానికి, దించడానికి వీలుగా పెట్టిన రింగు, అక్కడ కూడా బీడ్‌ని పట్టుకునేది గాలే.

ఇంతకీ నాకు బీడ్ ఊడింది ఒక్కసారే, కళింగపట్నం దగ్గర, వంశధార సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల మెత్తటి ఇసకలో. గాలి 12కి తీశాను, అది కూడా మీటరు పెట్టకుండా వేళ్ళతో నొక్కి చూసి (తర్వాత మిగతా మూడు టైర్లకి కొలిస్తే 12, 11, 12). ఏటవాలుగా ఉన్న దిబ్బ మీద బండి జారుతుంటే కంగారులో స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పేశాను. "టప్" మని చిన్న చప్పుడు, ఆ తర్వాత ముందు ఎడమ చక్రం దున్నుతున్నట్టు లాగేసింది. దిగి చూస్తే టైరుకీ డిస్కుకీ మధ్య నాలుగు వేళ్ళు దూరేంత సందు, అందులో పిడికెడు ఇసక. జాకీ పెడితే జాకీయే దిగబడిపోతోంది. పడవ దగ్గరున్న ఒకాయన తాటిచెక్క ముక్క తెచ్చి వేశాడు, దాని మీద జాకీ నిలిచింది. బీడ్ చుట్టూ ఇసక గుడ్డతో తుడిచి, సబ్బు నీళ్ళు రాసి, వాల్వ్ పిన్ను తీసి కంప్రెసర్ పెడితే రెండుసార్లు ఎక్కలేదు. టైరు చుట్టూ రాచెట్ బెల్టు (లాగి బిగించే పట్టీ) వేసి బిగించాక మూడోసారి ఎక్కింది. మొత్తం గంటంబావు. పెట్రోలు చల్లి అగ్గిపుల్ల గీసి ఎక్కించే వీడియోలు చూసి ఉంటారు, దయచేసి ఆ పని మాత్రం చెయ్యొద్దు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ గంటంబావు బాధ బీడ్‌లాక్ లేకపోవడం వల్లా? నేను మీటరు పెట్టి 16 దగ్గర ఆపి, దిబ్బ మీద మెల్లగా తిప్పి ఉంటే అసలు ఊడేది కాదు. మన బండ్ల బరువుకి మామూలు డిస్కు మీద 15 నుంచి 18 పాయింట్ల దాకా ధైర్యంగా దిగొచ్చు, 12 దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి, పది లోపలికి రోజూ దిగేవాళ్ళకే బీడ్‌లాక్ లెక్కలోకి వస్తుంది. అంత తక్కువ ఎవరికి కావాలి అంటే, పెద్ద పెద్ద బండరాళ్ళ మీద పాకేవాళ్ళకి, పోటీల్లో దిగేవాళ్ళకి, 35 అంగుళాలూ అంతకు మించిన టైర్లు వేసి 6, 8 పాయింట్లతో తిరిగేవాళ్ళకి. మనం తిరిగే చోట్లు చూడండి. ఎస్.కోట వైపు ఎర్రమట్టి దారులు, తాటిపూడి జలాశయం చుట్టుపక్కల బురద, నాగావళి, వంశధార ఇసక, సాలూరు దాటాక రాళ్ళ దారులు. వీటిలో 15 కంటే కిందకి దిగాల్సిన అవసరం నాకు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుందేమో. బురదలో అయితే గాలి అంతగా తియ్యక్కర్లేదు, అక్కడ టైరు పళ్ళే పని చెయ్యాలి.

ఇంకోటి, తీరం వెంబడి సరుగుడు తోటల్లో కొట్టేసిన మొదళ్ళు కత్తుల్లా ఉంటాయి. అవి టైరు పక్కగోడని చీలిస్తే బీడ్‌లాక్ ఏం చేస్తుంది? అంచు గట్టిగానే ఉంటుంది, టైరు మాత్రం పోతుంది. మన ప్రాంతంలో టైర్లు ఎక్కువ పాడయ్యేది ఇలాగే. (జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆ రోజుల్లో ఒడ్డు మీదకి బండి దించకండి.)

సరే, ఎవరేం చెప్పినా కొంటాను అనుకుంటే, ముందు ఏది నిజం బీడ్‌లాకో తెలుసుకోండి. షాపుల్లో కనిపించే బోల్టుల చక్రాల్లో ఎక్కువ భాగం ఉత్త అలంకారం, బోల్టులు డిస్కుకి బిగించి ఉంటాయి తప్ప టైరుని ముట్టుకోవు. పరీక్ష తేలికే: ఆ రింగు విప్పితే టైరు బీడ్ కనిపించాలి. కనిపించకపోతే అది మామూలు అలాయ్. మధ్యరకం ఇంకొకటి ఉంది, ఫోర్డ్ బ్రోంకో లాంటి బండ్లకి కంపెనీయే ఇస్తుంది, వచ్చేటప్పుడు అలంకారం రింగుతో వస్తుంది, అసలు రింగు విడిగా కొని బిగించుకుంటే బీడ్‌లాక్ అవుతుంది. లోపల గాలి గొట్టం ఉండి రెండు బీడ్‌లనీ బయటికి నొక్కే రకం కూడా ఉంది. దానికి డిస్కుకి రెండో వాల్వ్ కోసం కన్నం వెయ్యాలి, పంక్చరు పడితే మొత్తం విప్పాలి.

నిజం బీడ్‌లాక్ వేశాక పని మొదలవుతుంది. ఒక్కో చక్రానికి 24 నుంచి 32 బోల్టులు. 32 అనుకుంటే నాలుగింటికి 128, స్టెప్నీకి కూడా వేస్తే 160. వీటిని ఎడాపెడా బిగించకూడదు. ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంగా బిగిస్తున్నామో కొలిచే పానా), కంపెనీ చెప్పిన లెక్కకి. ఆ లెక్క సాధారణంగా 20 ఫుట్‌పౌండ్ల చుట్టుపక్కలే ఉంటుంది, చక్రం నట్లకి వేసే బిగింపులో నాలుగో వంతు. పానా పట్టుకుని బలం చూపిస్తే బోల్టు తెగుతుంది, లేదా రింగు వంగుతుంది. వంగితే ఆ వైపు నుంచి గాలి కారుతుంది. మొదటి యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక అన్నీ మళ్ళీ చూడాలి, ఎందుకంటే మధ్యలో ఉన్న రబ్బరు అణుగుతుంది, బిగింపు సడలుతుంది. ఆ తర్వాత కూడా ప్రతి ట్రిప్పుకీ ముందు ఒకసారి. మా వీధి పంక్చర్ షాపు ఆయనకి ఫొటో చూపిస్తే ఒక్క మాటే అన్నాడు: "బాబూ, ఇయన్నీ నాను ఇప్పి బిగించేసరికి రేతిరైపోద్ది, వేరే షాపు సూస్కోండి." దారి మధ్యలో పంక్చరు పడితే మీకు ఎదురయ్యేది కూడా ఇలాంటి షాపే.

బరువు సంగతి కూడా ఉంది. రింగు, బోల్టులు కలిసి ఒక్కో చక్రం కొన్ని కిలోలు పెరుగుతుంది, బ్యాలెన్సింగ్ కూడా ఒక పట్టాన కుదరదు. విజయనగరం నుంచి సాలూరు దాకా, లేదా శ్రీకాకుళం నుంచి నేషనల్ హైవే 16 మీద వెళ్ళే దారంతా మీ ట్రిప్పులో ఎక్కువ భాగం కదా, ఆ సేపంతా స్టీరింగ్ వణుకు భరించాలి. పైగా చాలా కంపెనీలు వీటిని రోడ్డు కోసం కాదనే అమ్ముతాయి. మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట చూసేది కూడా ఇలాంటి మార్పులే, ఆ టెన్షన్ మీరే పడాలి.

నన్నడిగితే ఆ డబ్బుతో కొనాల్సినవి వేరే ఉన్నాయి. సరైన గాలి మీటరు, బ్యాటరీకి నేరుగా తగిలించే మంచి కంప్రెసర్, పక్కగోడ దళసరిగా ఉన్న ఆల్ టెరెయిన్ టైర్లు, పంక్చర్ కిట్టు, జాకీ కింద పెట్టుకోవడానికి అడుగు వెడల్పు చెక్క, ఒక రాచెట్ బెల్టు. పాత బండికి ట్యూబు టైర్లుంటే గాలి మరీ తియ్యకండి, టైరు డిస్కు మీద తిరిగిపోయి వాల్వ్ తెగిపోతుంది.

నిర్ణయం తీసుకోవడానికి మా బావకి ఒక పని అప్పజెప్పాను. డాష్‌బోర్డులో చిన్న పుస్తకం పెట్టు, ప్రతిసారీ ఎక్కడికి వెళ్ళావో, నాలుగు టైర్లలో ఎంతకి తీశావో, ఎక్కడైనా ఇంకా తీసి ఉంటే బయటపడేవాడిననిపించిందో రాయి. ఆరు నెలల్లో పది లోపలి అంకె నాలుగైదుసార్లు రాయాల్సొచ్చినా, 12, 15 మధ్య రెండుసార్లు బీడ్ ఊడినా, అప్పుడు బీడ్‌లాక్ గురించి కూర్చుని మాట్లాడదాం, అది కూడా రోడ్డుకి ఒక సెట్టు, అడవికి ఒక సెట్టు అనుకుంటేనే.

అయిదో నెల నడుస్తోంది. పుస్తకంలో ఇప్పటిదాకా అతి తక్కువ అంకె 17. కంప్రెసర్ మాత్రం కొన్నాడు, నాది అరువడగడం మానేశాడు.