వైజాగ్‌లో టెన్త్, టెక్సస్‌లో ఎలెవెన్త్: క్రెడిట్లు, జీపీఏ లెక్క

గాజువాకలోనో మధురవాడలోనో టెన్త్ అయిన పిల్లల్ని అమెరికా హైస్కూల్లో చేర్చేటప్పుడు మనం ముందు అడిగేది జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు. అక్కడి స్కూలు కౌన్సెలర్ ముందు చూసేది క్రెడిట్లు, అంటే పాసైన ఒక్కో కోర్సుకు జమయ్యే యూనిట్లు. రెండూ వేరు ఖాతాలు. జీపీఏ 4.0 ఉన్నా, ఒక్క క్రెడిట్ తగ్గితే డిప్లొమా చేతికి రాదు.

రూల్సు రాష్ట్రానికో రకం. మనవాళ్లు బాగా ఉన్న టెక్సస్‌లో కనీసం 22 క్రెడిట్లు కావాలి: ఇంగ్లీషు 4, లెక్కలు 3, సైన్సు 3, సోషల్ 3, ఇంగ్లీషు కాక మరో భాష 2, పీఈ (వ్యాయామ విద్య) 1, ఫైన్ ఆర్ట్స్ 1, ఎలక్టివ్స్ (మనం ఎంచుకునే సబ్జెక్టులు) 5. ఎండార్స్‌మెంట్‌తో, అంటే ఒక రంగాన్ని ఎంచుకుని అదనపు కోర్సులు చేస్తే, 26. ఏడాది కోర్సుకు ఒక క్రెడిట్, సెమిస్టర్ కోర్సుకు అర.

చాలామంది దెబ్బతినేది తొమ్మిదో తరగతి దగ్గర. అక్కడ హైస్కూలు నైన్త్‌తోనే మొదలు. మన టెన్త్ మెమోలో నైన్త్ ఊసే ఉండదు. ఆ కాగితం లేకపోతే ఏడాది క్రెడిట్లు గల్లంతు, పిల్లవాణ్ణి కింది క్లాసులో కూర్చోబెట్టే ప్రమాదం. అందుకే ఏప్రిల్ చివర సెలవులు ఇచ్చేలోపే స్కూలుకెళ్లి, నైన్త్ మార్కుల జాబితా లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాయించండి: విద్యా సంవత్సరం, సబ్జెక్టు, గరిష్ఠ మార్కులు, వచ్చిన మార్కులు, హెడ్‌మాస్టర్ సంతకం, సీలు. సీల్ చేసిన కవర్లు రెండు మూడు అడగండి.

పాస్ మార్కులు 35, హిందీకి 20 అన్న ముక్క తప్పకుండా వేయించాలి. టెక్సస్‌లో పాస్ మార్కు 70. మన ఫస్ట్ డివిజన్ 62 అక్కడ ఫెయిల్‌లా కనిపిస్తుంది. శాతాన్ని 25తో భాగించి సొంతంగా జీపీఏ వేసి ఇవ్వకండి. ఎలా మార్చాలో తేల్చేది స్కూల్ డిస్ట్రిక్టు, అంటే ఆ ప్రాంతం ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ. లెక్కలు, సైన్సు పుస్తకాల విషయసూచికలు జిరాక్స్ తీసుకెళ్తే ఆల్జీబ్రా, బయాలజీ క్రెడిట్లు అడగడం తేలికవుతుంది.

జీపీఏ మామూలు సగటు కాదు, క్రెడిట్లతో గుణించాలి. ఏ అంటే 4, బి 3, సి 2, డి 1, ఎఫ్ సున్నా. ఇంగ్లీషు ఏ, హిస్టరీ ఏ, ఆల్జీబ్రా బి, కెమిస్ట్రీ బి, అర క్రెడిట్ హెల్త్‌లో సి (2లో సగం, 1) వచ్చాయనుకోండి: 4+4+3+3+1 = 15. దాన్ని మొత్తం క్రెడిట్లు 4.5తో భాగిస్తే 3.33. కెమిస్ట్రీ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (కాలేజీ స్థాయి) కోర్సయి ఒక పాయింటు అదనంగా ఇచ్చే స్కూలైతే 16/4.5, అంటే 3.56. ఈ అదనపు పాయింట్ల పద్ధతి డిస్ట్రిక్టుకో తీరు, కాబట్టి పక్కింటివాళ్ల జీపీఏతో పోల్చి బెంగపడడం దండగ.

ఇవి కాక ఆల్జీబ్రా 1, ఇంగ్లీషు 1, ఇంగ్లీషు 2, బయాలజీ, యూఎస్ హిస్టరీల్లో రాష్ట్ర పరీక్షలున్నాయి. టెక్సస్ రాకముందే సంపాదించిన క్రెడిట్‌ను డిస్ట్రిక్టు ఒప్పుకుంటే ఆ సబ్జెక్టు పరీక్ష రాయక్కర్లేదు. యూఎస్ హిస్టరీకి మాత్రం మన సోషల్ మార్కులు అక్కరకు రావు. ఎలెవెన్త్ టైంటేబుల్లోనే అది పడిందో లేదో చూసుకోండి.