కేవియర్ కొనేముందు చేప ఏదో తెలుసుకోండి

కేవియర్ డబ్బా చేతికి రాగానే చాలామంది గింజ సైజు, రంగు చూస్తారు. నేను ముందు డబ్బా తిప్పి లేబుల్ చదువుతాను. ఓడల్లో కోల్డ్ కిచెన్‌లో, అంటే చల్లటి వంటకాలు చేసే వంటగదిలో పనిచేస్తూ వచ్చిన అలవాటు ఇది. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదట నేర్పేదీ ఇదే.

కేవియర్ అంటే ఉప్పు పట్టించిన స్టర్జన్ చేప గుడ్లు. సాల్మన్, ట్రౌట్ గుడ్లు కూడా బాగుంటాయి, వాటిని ఆ పేర్లతోనే కొనండి. చవగ్గా దొరికే నల్లటి గుడ్లు చాలావరకు లంప్‌ఫిష్ అనే వేరే చేపవి. రంగు వేసి అమ్ముతారు, పక్కన మీగడ ఉంటే ఆ రంగు దానికి అంటుకుంటుంది.

స్టర్జన్ ఒంటి మీద మామూలు పొలుసులు ఉండవు, ఐదు వరుసల ఎముక పలకలు ఉంటాయి. మూతి కింద నాలుగు మీసాలు. ఇందులో రకాలు చాలా ఉన్నాయి, గుడ్ల రుచి, ధర రెండూ ఆ రకాన్ని బట్టే మారతాయి. చిక్కు ఎక్కడంటే, డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది వ్యాపార పేరు. ఒసేత్రా అన్న పేరు అసలు రష్యన్ స్టర్జన్‌ది. సైబీరియన్ స్టర్జన్ గుడ్లకు కూడా ముందు సైబీరియన్ అని చేర్చి అదే పేరు పెట్టేస్తుంటారు. కలూగా అనే రకాన్ని ‘రివర్ బెలూగా’ అంటారు. వినడానికి ఘనంగా ఉంటుంది కానీ లోపల ఉన్నది బెలూగా అనే ఖరీదైన రకం కాదు.

అందుకే చిన్న లేబుల్ చూడమంటున్నాను. అంతరించే జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కిందకు 1998లో స్టర్జన్ రకాలన్నీ వచ్చాయి. దేశాలు దాటే ప్రతి కేవియర్ డబ్బాకూ ఒక కోడ్ ఉండాలి. మొదటి మూడక్షరాలు చేపవి: హెచ్‌యూఎస్ అంటే బెలూగా, జీయూఈ రష్యన్ స్టర్జన్, బీఏఈ సైబీరియన్, ఎస్‌టీఈ సెవ్రూగా, టీఆర్‌ఏ వైట్ స్టర్జన్. తర్వాత సీ అక్షరం ఉంటే పెంపకం చేప, డబ్ల్యూ ఉంటే సహజ జలాల్లో పట్టినది. ఆ వెనక దేశం, సంవత్సరం, ప్యాక్ చేసిన చోటు నంబరు, లాట్ నంబరు ఉంటాయి. లేబుల్ చిరిగినా, మళ్లీ అంటించినట్టు కనిపించినా నేను తీసుకోను. డబ్ల్యూ ఉన్న డబ్బా అసలే ముట్టను. కాస్పియన్ సముద్రంలో వేట, దొంగవేట ఈ చేపల్ని ఎంత దెబ్బతీశాయో తెలిశాక ఆ గుడ్లు వడ్డించడానికి నాకు చేతులు రావు. పెంపకంలో మంచి సరుకు దొరుకుతున్నప్పుడు ఆ అవసరమూ లేదు.

ఇక చేపల సంగతి. బెలూగా కాస్పియన్, నల్ల సముద్రాల చేప, మిగతా చేపల్ని వేటాడి తింటుంది. టన్నుకు పైగా తూగినవి పూర్వం దొరికాయి. ఆడచేప గుడ్లకు రావడానికి పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. అన్నేళ్ల మేత, నీళ్లు, కాపలా ఖర్చంతా ధరలో కలుస్తుంది. గింజ 3 నుంచి 4 మిల్లీమీటర్లు, బూడిద రంగు, పొర బాగా పలుచన. రుచి మెత్తగా వెన్నలా ఉంటుంది. గాఢమైన రుచి కోరుకునేవాళ్లకు ఇది చప్పగా అనిపించవచ్చు.

నా ఓటు రష్యన్ స్టర్జన్‌కే. గింజ కాస్త చిన్నదైనా గట్టిగా ఉంటుంది, నాలుకతో అంగిలికి నొక్కితే విడివిడిగా పగులుతుంది. గోధుమ రంగు నుంచి బంగారు రంగు దాకా వస్తుంది, రుచిలో బాదం, అక్రోటు గుర్తుకొస్తాయి. రంగు లేతగా ఉంటే ధర పెరుగుతుంది కానీ రుచి అదే లెక్కన పెరగదు.

సెవ్రూగా గింజ ఈ మూడింట్లో చిన్నది, వాసన, రుచి ఘాటు. సైబీరియన్ స్టర్జన్ ఏడెనిమిదేళ్లలోనే గుడ్లకు వస్తుంది కాబట్టి ఫ్రాన్స్, ఇటలీల్లో బాగా పెంచుతారు. మొదటిసారి తినేవాళ్లకు నేను ఇదే చెబుతాను. వైట్ స్టర్జన్ ఉత్తర అమెరికా చేప, కాలిఫోర్నియాలో పెంపకం ఉంది, రుచి సౌమ్యం. చైనా నుంచి వచ్చే పెద్ద గింజల కేవియర్‌లో చాలా భాగం కలూగా, ఆమూర్ స్టర్జన్‌ల సంకరం. సంకరం అన్న మాట విని వెనకాడకండి, చాలా మంచి సరుకు.

డబ్బా మీద మలోసోల్ అని ఉంటే ఉప్పు తక్కువ వేశారన్నమాట, సుమారు 3 నుంచి 5 శాతం. ఉప్పు తగ్గితే రుచి బాగుంటుంది, నిల్వ తగ్గుతుంది. ఫ్రిజ్‌లో అన్నిటికన్నా చల్లటి చోట, సున్నా డిగ్రీల దగ్గర పెట్టండి. డీప్ ఫ్రీజర్‌లో పెడితే గింజ పొర చిట్లి ముద్దవుతుంది. మూత తీశాక రెండు మూడు రోజుల్లో తినేయాలి. అందుకే ఇద్దరికి 30 గ్రాముల డబ్బా చాలు, పెద్దది కొని దాచుకోవద్దు.

మూత తీయగానే వాసన చూడండి. సముద్రపు గాలి వాసన రావాలి, నీచు వాసన వస్తే వెనక్కి ఇచ్చేయండి. గింజలు దేనికది మెరుస్తూ ఉండాలి, అడుగున నీరు చేరకూడదు. వెండి చెంచా వాడితే రుచి మారిపోతుంది, ముత్యపు చిప్ప చెంచా లేకపోతే ప్లాస్టిక్‌దైనా పర్వాలేదు. ఉల్లిపాయ, నిమ్మరసం ఏమీ లేకుండా మొదటి చెంచా ఉత్తదే తినండి. గింజ పైన వేడి తగలనివ్వకండి, వంట మధ్యలో కలపకండి.

విదేశం నుంచి తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. సొంతానికి మనిషికి 125 గ్రాముల దాకా చాలా దేశాలు సైటిస్ పర్మిట్ లేకుండా అనుమతిస్తాయి, దిగే దేశం నియమం ముందే చూసుకోండి. డబ్బా మీద ఆ కోడ్ లేబుల్ చెక్కుచెదరకుండా ఉండాలి, కాబట్టి ఇల్లు చేరేదాకా మూత తీయకండి.