చేపపిల్లల మేత: పొట్ట చూసి పసిగట్టాల్సిన సమస్యలు

చేపపిల్లలు రోజుకు రెండు మూడు చొప్పున చచ్చిపోతుంటే చాలామంది మందు సీసా కోసం పరుగెడతారు. ఆ సీసా కాసేపు పక్కన పెట్టండి. చేపపిల్లల ఒంట్లో దాపరికం ఉండదు, లోపల ఏముందో బయటికే కనిపిస్తుంది. మేత వేసిన పావుగంటకు ట్యాంకు వెనక టార్చి పెట్టి పక్క నుంచి చూడండి. ఆర్టీమియా (ఉప్పునీళ్లలో గుడ్ల నుంచి పొదిగించే బుల్లి రొయ్యల్లాంటి లైవ్ మేత) తిన్న పిల్లకి పొట్ట దగ్గర గుండ్రటి నారింజ చుక్క ఉంటుంది. ఆ చుక్క ఉందా లేదా అన్నదాన్ని బట్టి కింద మీ సమస్య వెతుక్కోండి.

మేత వేశాం, పొట్ట ఖాళీ

ఇందులో మూడు సంగతులు ఉండొచ్చు. మొదటిది, తొందరపడ్డారు. గుడ్డులోంచి వచ్చిన బెట్టా పిల్లలు రెండు మూడు రోజులు పచ్చసొన సంచి మీదే బతుకుతాయి. అవి అడ్డంగా, సొంతంగా ఈదడం మొదలుపెట్టాకే మేత.

రెండోది, మేత నోట్లో పట్టట్లేదు. నేను ఎక్కువగా చూసేది ఇదే. అప్పుడే హ్యాచ్ అయిన ఆర్టీమియా దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. గప్పీ, మోలీ పిల్లలు పుట్టిన రోజే దాన్ని తినేస్తాయి. గౌరామీ పిల్లలకి అది కొండంత. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని గమనించండి: పిల్ల మేత దగ్గరికి వస్తుంది, ఒళ్లు వంకీలా వంచుతుంది, ఒక్క దూకుతో పట్టుకుంటుంది, వెంటనే ఉమ్మేస్తుంది. అలా రెండు మూడుసార్లు చేసిందంటే ఆకలి ఉంది, నోరే చాలట్లేదు. కొన్ని రోజులు ఇన్ఫ్యూసోరియా (నీళ్లలో ఉండే సూక్ష్మజీవులు) గానీ వెనిగర్ ఈల్స్ (వెనిగర్‌లో పెరిగే సన్నటి పురుగులు) గానీ ఇవ్వండి. వెనిగర్ ఈల్స్ దారం కన్నా సన్నం, మంచినీళ్లలో కూడా రోజుల తరబడి బతుకుతూ నీళ్ల మధ్యలో ఈదుతాయి. మైక్రోవార్మ్స్ అనే ఇంకో రకం సన్న పురుగులు అలా కాదు, అడుక్కి దిగిపోతాయి. పైపైన తిరిగే పిల్లలున్న ట్యాంకులో వాటిని వేస్తే అడుగున కుళ్లడానికే. పిల్లలన్నీ ఒక్కసారి పెరగవు కాబట్టి, ఆర్టీమియా మొదలుపెట్టాక కూడా సన్న మేత కొన్నాళ్లు కలిపి ఇవ్వండి.

మూడోది, నీళ్లు ఎక్కువ, మేత పలచన. చిన్న పిల్లలు మేతను వెతుక్కుంటూ అంత దూరం పోవు. నీటిమట్టం తగ్గించి, లైటు వేసి, డ్రాపర్‌తో గుంపు పక్కనే వదలండి.

ఆర్టీమియా తింటున్నాయి, అయినా పెరగట్లేదు

మేత పాతబడి ఉంటుంది. హ్యాచ్ అయిన ఆర్టీమియాకి సొంత సొన ఉంటుంది, మీ చేపపిల్లకి బలం దాంట్లోంచే. గంటలు గడిచేకొద్దీ అది కరిగిపోతుంది. లీటరు నీళ్లకి 25 గ్రాముల ఉప్పు, 26 నుంచి 28 డిగ్రీల వేడి, పైన లైటు, అడుగు నుంచి గట్టిగా గాలి ఉంటే సుమారు 24 గంటల్లో హ్యాచ్ అవుతాయి. అప్పుడే తీసి పెట్టేయండి. మిగిలినవి ఉప్పునీళ్లతోనే ఫ్రిజ్‌లో పెడితే ఆ సొన నెమ్మదిగా ఖర్చవుతుంది. ఇన్ని చేసినా సగం గుడ్లు కూడా హ్యాచ్ కాకపోతే గుడ్ల డబ్బాకి తేమ తగిలి ఉండొచ్చు.

ఆర్టీమియా గుడ్ల పెంకుల విషయంలో మాత్రం బద్ధకం వద్దు. నేను ఒకసారి నిద్రమత్తులో ఆర్టీమియా పొదిగిన సీసా మొత్తం వడకట్టి ట్యాంకులో పోసేశాను. మర్నాడు కొన్ని పిల్లల పొట్టలు ఉబ్బి గట్టిపడ్డాయి, లోపల గోధుమరంగు ముద్ద కనిపిస్తోంది. పెంకులు అరగవు, పేగులో ఇరుక్కుంటాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగండి. పెంకులు పైకి తేలతాయి, పగలని గుడ్లు అడుక్కి దిగుతాయి. మధ్యలో ఓ చోట టార్చి పెడితే ఆర్టీమియా అంతా ఆ వెలుగు దగ్గర నారింజ మబ్బులా చేరుతుంది. సన్న ట్యూబుతో ఆ మబ్బునే లాగండి.

ఉదయం హుషారు, సాయంత్రానికి పైకొచ్చి రొప్పుతున్నాయి

మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పెరిగింది. ఆర్టీమియా మంచినీళ్లలో కొన్ని గంటలే బతుకుతుంది. ఫ్రోజెన్ మేత అయితే ఇంకా త్వరగా పాడవుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా సున్నా ఉండాలి, కొంచెం కనిపించినా వెంటనే పావు వంతు నీళ్లు మార్చండి, కొత్త నీళ్లు క్లోరిన్ లేకుండా అదే వేడిలో ఉండాలి. అడుగును ఎయిర్ ట్యూబుతో తెల్ల బకెట్‌లోకి లాగితే, పొరపాటున వచ్చిన పిల్లలు కనిపిస్తాయి.

ఫ్రోజెన్ క్యూబ్‌ను నేరుగా ట్యాంకులో పడేయకండి. కప్పులో కరిగించి, సన్న వలలో వడకట్టి, ఆ రంగునీళ్లు పారబోయండి. చిన్న పిల్లలకి క్యూబ్ మూల గీకితే వచ్చినంత చాలు. కరిగింది మళ్లీ గడ్డ కట్టించొద్దు. ఒకేసారి బోలెడు వేసేకన్నా రోజుకు నాలుగైదుసార్లు చిటికెడు చొప్పున వేస్తే మేలు.

ఫ్రోజెన్ మేతను చూసి కూడా చూడట్లేదు

కదలట్లేదు కదా, అది మేతని వాటికి తెలీదు. స్పాంజ్ ఫిల్టర్ బుడగల దగ్గర వదిలితే గిరగిరా తిరుగుతుంది. ఉదయం మొదటి ఆకలికి లైవ్‌తో కలిపి ఇస్తూ, లైవ్ వాటా తగ్గిస్తూ రండి.

గాజు మీద తెల్లటి దారాలు

హైడ్రా, అంటే గాజుకి అతుక్కుని వేటాడే బుల్లి జీవి. మీరు ఎక్కువగా వేసిన ఆర్టీమియా తిని బలిసింది, చిన్న పిల్లల్ని కూడా పట్టేస్తుంది. గీకి వదిలేస్తే లాభం లేదు, ముక్క నుంచి మళ్లీ పెరుగుతుంది. పిల్లల్ని ఒక్కొక్కటిగా కప్పుతో వేరే శుభ్రమైన ట్యాంకులోకి మార్చి, మేత తగ్గించండి. చెరువుల్లోంచి పట్టిన డాఫ్నియా (నీటి ఈగ అనే బుల్లి జీవి, లైవ్ మేత)తో తూనీగ పిల్లపురుగులు కూడా వస్తాయి. వాటికి చేపపిల్లలంటే పండగే. తెల్ల పళ్లెంలో పోసి చూశాకే వాడండి.

పొట్ట నిండుగా ఉంది, ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టుంది

ఇది మేత సమస్య కాదు, వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బు. ఇప్పుడు మందు సీసా తీయండి.

బ్లడ్‌వార్మ్ (మేతగా వాడే ఎర్ర పిల్లపురుగులు) ముట్టుకున్నాక మీకే దురద, తుమ్ములు

ఇది కొందరికి అలర్జీ. గ్లవ్స్ వేసుకోండి, ఆ చేత్తో కళ్లు నలుపుకోకండి. ఊపిరి పట్టేసినట్టు ఉంటే ఆ మేత మానేసి డాక్టర్‌కి చూపించుకోండి. మీ చేపపిల్లలకి డాఫ్నియా చాలు.