తెలుగు పేర్లున్న ఫైళ్లు లినక్స్‌లోకి ఎక్కకపోతే: నా అనుభవం

అమ్మమ్మ పాటలు రికార్డు చేసి, పల్లవి మొత్తాన్నీ ఫైలు పేరుగా పెట్టాను (అప్పుడదో తెలివైన పనే అనిపించింది). విండోస్ ల్యాప్‌టాప్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి బానే వెళ్లాయి. ఉబుంటు లినక్స్‌లోకి కాపీ చేస్తే మాత్రం కొన్ని ఎక్కలేదు, పేరు మరీ పొడవుందని ఎర్రర్.

పెన్‌డ్రైవ్ మార్చాను, ఫార్మాట్ కొట్టాను, జిప్ చేశాను. దండగ.

కిటుకు ఇదీ: పేరు పొడవు హద్దును విండోస్ 255 కోడ్లుగా (గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడి కోడ్లే) లెక్కేస్తే, ఉబుంటు మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లు దాచే పద్ధతి) ఈఎక్స్‌టీ4 దాన్ని 255 బైట్లుగా లెక్కేస్తుంది. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు, అంటే 85 కోడ్లతో సరి. 'క్ష' కంటికి ఒకటే. లోపల క, పొల్లు, ష కలిసి 9 బైట్లు! పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా మాట లోపల కనపడకుండా కూర్చునే నాన్-జాయినర్‌కీ మరో 3.

ముందు ఫోల్డర్‌కి నకలు తీసుకున్నాను. ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి, 'కాపీ యాజ్ పాత్' కొట్టి, ఎక్సెల్‌లో పేస్ట్ చేశాను. ఫోల్డర్ భాగాన్నీ కొటేషన్ గుర్తుల్నీ రీప్లేస్‌తో తీసేసి, పక్క గడిలో పేరు పొడవు లెక్కపెట్టే లెన్ ఫార్ములా పెట్టాను. 85 దాటినవి పదకొండు. స్పేసుకి ఒక్క బైటే కాబట్టి అందులో రెండు నిజానికి సరిపోయేవే, అయినా వదల్లేదు. తేదీ, అడ్డగీత, పల్లవిలో మొదటి రెండు మాటలు: అన్నిటికీ ఇదే వరస. పాత పేర్లు ఎక్సెల్‌లో భద్రం.

అన్నీ ఎక్కాయి. మీది ఇదే ఎర్రరైతేనే ఇది పనికొస్తుందనుకుంటా. లినక్స్ నుంచి విండోస్‌కి వెళ్లేవాళ్లు మాత్రం పేర్లలో విండోస్ ఒప్పుకోని కోలన్, ప్రశ్నార్థకం ఉన్నాయేమో ముందు చూసుకోండి.